పేరడిగిన పాపానికి

విమానాల పనిలో ఒక రివెట్టు చేయిజారి పడితే, అది దొరికేదాకా అందరూ నేల వెతుకుతారు. దొరికాక కూడా దాన్ని మళ్లీ బిగించరు. ఏ లోహం, ఏ బ్యాచ్, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చూశారు, ఎవరు బిగించారు, అన్నిటికీ కాగితం ఉండాలి. కాగితం లేని రివెట్టు ఎంత మెరిసినా దాని చోటు చెత్తడబ్బానే. ఇంత మడి కట్టుకున్న ఊరు మన ఆదిభట్ల. అమెరికావారి అపాచీ హెలికాప్టర్ల దేహాలు, సీ-130జే రవాణా విమానాల తోకభాగాలు ఇక్కడి ఏరోస్పేస్ పార్కులో తయారై సముద్రాలు దాటుతున్నాయి. టాటా-బోయింగ్ ఫ్యాక్టరీ 2018లో తలుపులు తెరిచింది. టాటా-లాక్‌హీడ్ మార్టిన్ అంతకుముందు నుంచే ఉంది. నిన్నటిదాకా పొలం గట్లు తెలిసిన ఊరికి ఇవాళ మిల్లీమీటరులో వందో వంతు కూడా తెలుసు.

అదే ఊళ్లో సాయంత్రం షిఫ్టు దిగిన ఇంజనీరు హాస్టల్ గదికి పోయి ల్యాప్‌టాప్ తెరుస్తాడు. అందులో చిన్న వైఫై కార్డు ఒకటి ఉంటుంది. పేరుకు కార్డు గానీ అదొక పూర్తి కంప్యూటరు. సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, వాటి మీద నడిచే సొంత ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాంనే ఫర్మ్‌వేర్ అంటారు. మనం రాసే మెయిలూ, చూసే వీడియో, కట్టే కరెంటు బిల్లూ గాల్లోకి ఎక్కేముందు దాని చేతుల మీదుగానే పోవాలి. పగలంతా రివెట్టు పుట్టుపూర్వోత్తరాలు అడిగిన మనిషి రాత్రి ఆ చిప్పును ఒక్క మాట అడగడు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయో లేదో చూసుకుని సినిమా పెట్టుకుంటాడు.

హాస్టల్‌కొక చాదస్తుడు ఉంటాడు కదా, అడిగేది వాడే. ఎక్కడో చదివి, ఎవరో చెబితే విని, ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేసి ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కిస్తాడు. 1995లో థియో డి రాట్ మొదలుపెట్టిన ఆపరేటింగ్ సిస్టం ఇది. కేంద్రం కెనడాలోని కాల్గరీ. సెక్యూరిటీ దీని కులదైవం. ఇన్నేళ్లలో మామూలు ఇన్‌స్టలేషన్‌లోకి బయటినుంచి దూరగలిగిన కన్నాలు రెండే రెండు బయటపడ్డాయని సగర్వంగా చాటుకుంటుంది. "వైఫై రాకపోతే ఇంక దొంగలెట్ల దూరుతరు?" అని గదిలోవాళ్లు నవ్వుతారు. ఆ జోకు కూడా పాతదే.

ఇన్‌స్టలేషన్ అయిపోతుంది. తెల్ల అక్షరాల్లో ఒక వాక్యం వస్తుంది: ఐడబ్ల్యూఎం0 అనే వైఫై కార్డు కనబడింది, దాని ఫర్మ్‌వేర్ చదవలేకపోయాను, ఎర్రర్ 2. తెలుగులో చెప్పాలంటే, "మనిషి వచ్చాడు, కాగితాలు లేవు." విండోస్ ఈ మాట అననే అనదు. ఉబుంటూ అనదు. వాటి దగ్గర చాలా కంపెనీల ఫర్మ్‌వేర్లు ముందే మూటకట్టి ఉంటాయి. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లకు ఆ కంపెనీల లైసెన్సు షరతులు నచ్చక, నచ్చని దస్తావేజును తమ ఇన్‌స్టాలర్‌లో పెట్టం అని కూర్చున్నారు. కావాలంటే ఎఫ్‌డబ్ల్యూ_అప్‌డేట్ అనే కమాండు ఉంది, అది ఇంటర్నెట్ నుంచి ఫర్మ్‌వేర్ తెస్తుంది. ఇంటర్నెట్ కావాలంటే వైఫై ఉండాలి. వైఫై కావాలంటే ఫర్మ్‌వేర్ ఉండాలి. ఆ ఫర్మ్‌వేరేమో ఇంటర్నెట్‌లో ఉంది.

ఈ విషవలయాన్ని లాన్ కేబుల్‌తో తెంచవచ్చు. ఆదిభట్ల హాస్టల్‌లో లాన్ కేబుల్ అడిగి చూడండి. ఓనరన్న మొహంలో, ఆముదం దీపం అడిగినట్టు, ఒక జాలి కనబడుతుంది.

"ఏం తమ్మీ, అందరికి వస్తున్న వైఫై నీకొక్కనికే ఎందుకు వస్తలేదు?"

"నాది జర సెక్యూరిటీ సిస్టం అన్నా."

"సెక్యూరిటీ గేటు కాడ కూసున్నడు గద! మళ్ల లోపలొకటా?"

చివరికి చాదస్తుడు ఏం చేస్తాడంటే, జేబులోంచి ఫోన్ తీసి, యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించి, టెథరింగ్ నొక్కుతాడు. యూఆర్‌ఎన్‌డీఐఎస్0 అని ఒక కొత్త ద్వారం పుడుతుంది. దాన్లోంచి ఫర్మ్‌వేర్ దిగుతుంది. ప్రపంచంలో అనుమానం ఎక్కువున్న ఆపరేటింగ్ సిస్టాల్లో ఒకటి, తొలి ఇంటర్నెట్ చుక్క ఎవరి చేతుల్లోంచి తాగిందో గమనించండి. అడుగడుగునా మూసిన పెట్టెలే ఉన్న చవక ఆండ్రాయిడ్ ఫోన్ చేతుల్లోంచి! దాని మోడెం ఫర్మ్‌వేర్ ఎవరూ చూడలేదు, దాని వైఫై ఫర్మ్‌వేర్ ఎవరూ చూడలేదు, దాన్లో కంపెనీవాడు తీసేయడానికి వీల్లేకుండా అంటించిన రమ్మీ యాప్ మాత్రం అందరూ చూశారు.

దిగిన ఫైలు సంతకాన్ని సరిచూస్తుంది సిస్టం. సరిపోయింది అంటుంది. ఏమిటి సరిపోయింది? కాల్గరీ వాళ్లు పెట్టిన ఫైలే ఆదిభట్లకు వచ్చింది, దారిలో ఎవరూ మార్చలేదు, అంతే. లోపల ఏముందో కాల్గరీ వాళ్లకూ తెలియదు. ఆ విషయం వాళ్లు దాచరు కూడా. ఫర్మ్‌వేర్ కార్డు మీద నడుస్తుంది గనక భరిస్తాం, కంప్యూటర్ ప్రాసెసర్ మీద మాత్రం సోర్సు చూపని పరాయి ప్రోగ్రాంను నడవనివ్వం అన్నది వాళ్లు గీసుకున్న గీత. ఆ గీత గోడ కాదని విమర్శించేవాళ్లున్నారు, వాళ్ల మాటా కొట్టెయ్యలేం: కార్డు కంప్యూటర్ మెమరీలోకి నేరుగా చేయి పెట్టగలిగినప్పుడు గీత ఎంతవరకు ఆపుతుంది? కానీ గీత గీసినవాణ్ణి చూసి నవ్వుతున్నదెవరు? గీతే లేనివాళ్లు.

ఇంక నెట్‌వర్క్‌లో కలవడమే తరువాయి. కలవడానికి బొమ్మ లేదు, నొక్కడానికి బటన్ లేదు. ఐఎఫ్‌కాన్ఫిగ్ అని కొట్టి, నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ చేత్తో టైపు చెయ్యాలి. పోనీ ఒకసారి చెబితే గుర్తుపెట్టుకుంటుందా? నెట్‌వర్కుల జాబితా ఇస్తే దొరికినదాన్ని తనే పట్టుకునే జాయిన్ సదుపాయం వచ్చింది 2018లో. అంతదాకా ఇంట్లో ఒకసారి, ఆఫీసులో ఒకసారి, అత్తగారింట్లో ఒకసారి కమాండు కొట్టుకోవాల్సిందే, లేదా సొంతంగా స్క్రిప్టు రాసుకోవాల్సిందే. ఇంకా పాత ముచ్చట చెబితే నమ్మరు. డబ్ల్యూపీఏ అనే వైఫై తాళం లోకంలోకి 2003లో వచ్చింది. ఈ సెక్యూరిటీ శిఖామణి దాన్ని చేర్చుకున్నది 2008లో, 4.4 వెర్షన్‌లో. మధ్యలో ఐదేళ్లు ఏం చేశారంటే, "వైఫై తాళాన్ని నమ్మేదేముంది, దాని లోపల మన సొంత సొరంగం తవ్వుకుంటే పోలా" అన్నారు. ఎస్‌ఎస్‌హెచ్ ఉంది, ఐపీసెక్ ఉంది, వాడుకోండన్నారు. సిద్ధాంతం సరైనదే. పక్కింటివాళ్ల రౌటర్‌కు ఆ సిద్ధాంతం ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

బ్లూటూత్ సంగతి అడక్కండి. 2014లో ఆ కోడ్ మొత్తం పీకి పారేశారు. సరిగ్గా పనిచెయ్యదు, బాగుచేసే నాథుడు లేడు, అలాంటప్పుడు ఇంట్లో ఎందుకన్నారు. చెవుల్లో తెల్ల మొగ్గలు పెట్టుకుని తిరిగే ఈ కాలంలో చాదస్తుడొక్కడే వైరు వేలాడేసుకుంటాడు. ఎవరన్నా సాయమడిగితే ఆ భక్తబృందం నుంచి వచ్చే జవాబు ఒకటే, "మాన్యువల్ చదువు." ఇందులో మర్యాద తక్కువే గానీ అబద్ధం లేదు. ఆ మాన్యువల్ నెట్ లేకపోయినా మెషీన్‌లోనే ఉంటుంది, చక్కగా రాసి ఉంటుంది, రాసినట్టే పనిచేస్తుంది. ఇంత నిజాయితీ మన సాఫ్ట్‌వేర్ రంగానికి అలవాటు లేదు, అందుకే పొగరులా కనబడుతుంది.

సరే, ఇంత యజ్ఞం చేసి చాదస్తుడు చేరిన నెట్‌వర్క్ ఏదయ్యా అంటే, హాస్టల్ వైఫై. పాస్‌వర్డ్ ఓనరన్న ఫోన్ నంబరు. ఆ నంబరు గేటు మీద "రూములు అద్దెకు ఇవ్వబడును" ఫ్లెక్సీలో రోడ్డు మీది ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కూడా చదువుకోవచ్చు.

ఇక అసలు ముద్దాయిల దగ్గరికి వద్దాం. చిప్పులు చేసే పెద్ద కంపెనీలను ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు అడిగింది సోర్సు కోడ్ కూడా కాదు. మొదట అడిగింది, చిప్పుతో ఎలా మాట్లాడాలో చెప్పే కాగితాలు. తర్వాత అడిగింది, ఫర్మ్‌వేర్ ఫైలును స్వేచ్ఛగా పంచే అనుమతి. డబ్బిచ్చి కొన్న వస్తువు నడవడానికి దానితో రావలసిన ఫైలు అది. జవాబుగా కొందరు రహస్య ఒప్పందం ముందు పెట్టారు. సంతకం పెట్టు, చదువు, ఎవరికీ చెప్పకు. సోర్సు అంతా వీధిలో పెట్టి రాసుకునేవాడికి, "రహస్యంగా రాయి" అని షరతు! వాళ్లు సంతకం పెట్టలేదు. రేడియో చట్టాలు ఒప్పుకోవని మరికొందరన్నారు. తైవాన్‌లోని రాలింక్ మీదా అవే చట్టాలు ఉండేవి. ఆ కంపెనీ మాత్రం తన ఫర్మ్‌వేర్‌ను ఎవరైనా పంచుకోవచ్చని లైసెన్సు ఇచ్చేసింది, అందుకే దాని చిప్పులకు ఓపెన్‌బీఎస్‌డీలో ఫోన్ వైరు తగిలించే అవసరం రాదు. రాలింక్ లైసెన్సు ఇచ్చినందుకు ఆకాశం కూలిపోలేదు.

ఈ పోరు చేసినందుకే థియో డి రాట్‌కు 2004 సంవత్సరానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన అవార్డు ఇచ్చింది. మూసిన ఫైళ్ల మీద కసితో 2006లో 3.9 వెర్షన్‌కు బ్లాబ్ అనే పాట కూడా కట్టారు. ఆపరేటింగ్ సిస్టానికి పాటేమిటని ఆశ్చర్యపోకండి. మనకు ఫ్లైఓవర్ ప్రారంభానికి పాట ఉంటుంది, అక్కడ అప్పట్లో వెర్షన్‌కొక పాట ఉండేది.

అవార్డులొచ్చాయి, పాటలొచ్చాయి, కాగితాలు మాత్రం రాలేదు. నిష్ఠకు మారుపేరైన డెబియన్ లినక్స్ సైతం 2022లో ఓటింగ్ పెట్టుకుని, మూసిన ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చడానికి తలూపింది. 2023లో వచ్చిన డెబియన్ 12 అలాగే వచ్చింది. తప్పు పట్టలేం. వైఫై లేకుండా ఇన్‌స్టాల్ చెయ్యలేక జనం పారిపోతుంటే ఎన్నాళ్లని ఆగుతారు? ఎవరు అలిసిపోతారోనని కంపెనీలు ఓపిగ్గా చూశాయి. అలిసిపోయింది అడిగినవాళ్లు.

"ఆ గోరంత చిప్పులో ఏముంటుందిలే" అనేవాళ్లకు 2017 సంవత్సరం ఒక్కటి చాలు. ఆ ఏప్రిల్‌లో గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో పనిచేసే గాల్ బెనియామినీ, బ్రాడ్‌కాం వైఫై చిప్పు ఫర్మ్‌వేర్‌లోని లోపాలతో గాలిలోంచే ఫోన్‌లోకి దూరవచ్చని చూపించాడు. జులైలో నితాయ్ ఆర్టెన్‌స్టైన్ బ్లాక్‌హ్యాట్ సభలో బ్రాడ్‌పోన్ పేరుతో ఇంకొకటి చూపించాడు. ఐఫోన్లూ అందులోనే, ఖరీదైన ఆండ్రాయిడ్లూ అందులోనే. బ్రాడ్‌పోన్‌కైతే ఫోన్ యజమాని ఏ లింకూ నొక్కనక్కర్లేదు, ఏ నెట్‌వర్క్‌లోనూ చేరనక్కర్లేదు, జేబులో వైఫై ఆన్ చేసి ఉంటే చాలు. పైగా ఒక ఫోన్‌లోంచి పక్క ఫోన్‌కు తనే పాకగలదు. ఏ పెద్ద క్యాంపస్‌కు పోయినా గేటు దగ్గర ఫోన్ కెమెరాకు స్టిక్కర్ అంటిస్తారు, పెన్‌డ్రైవ్ ఉందా అని సంచీ తడుముతారు. వైఫై చిప్పుకు అంటించే స్టిక్కర్ ఇంకా ఎవరూ ముద్రించలేదు.

అదే ఏడాది ఇంకో నాటకం నడిచింది. డబ్ల్యూపీఏ2 తాళంలోనే లోపం ఉందని బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ కనిపెట్టాడు. క్రాక్ అని పేరు పెట్టి, గడువు దాకా బయటపెట్టొద్దంటూ అందరికీ గుట్టుగా చెప్పాడు. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఆగస్టులోనే పెద్దగా చప్పుడు చెయ్యకుండా కన్నం పూడ్చేశారు. మిగతా ప్రపంచం అక్టోబరు వచ్చాక హడావుడి పడింది. ముందే పూడ్చినవాళ్లకు దక్కిన బహుమానం ఏమిటంటే, ఇకమీదట ఓపెన్‌బీఎస్‌డీకి గడువు చివర్లోనే చెబుతానని వాన్‌హోఫ్ రాశాడు. వాళ్ల మరమ్మతు చూసి దొంగలు కన్నాన్ని పసిగట్టేస్తారని ఆయన భయం. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కానీ ఇల్లు కారుతోందని తెలిసిన వెంటనే కప్పు నేసుకున్నవాడికి శిక్షపడి, వాన కురిసేదాకా ఆగినవాడికి మర్యాదస్థుడని పేరు రావడం ఈ రంగానికే చెల్లింది.

పోలండ్‌కు చెందిన జొయానా రుట్కోవ్‌స్కా ఇంకో దారి పట్టింది. 2012లో ఆమె బృందం తెచ్చిన క్యూబ్స్ ఓఎస్ వైఫై కార్డును బాగుచేసే ఆశే పెట్టుకోలేదు. సిస్-నెట్ అని ఒక వేరు గది కట్టి, కార్డును అందులో పడేసి, మధ్యలో సిస్-ఫైర్‌వాల్ అనే ఇంకో గది అడ్డం పెట్టింది. తాళంచెవుల గుత్తి ఉన్న డామ్0 అనే గదికి నెట్ సంబంధమే లేదు. తిరుగుబోతు మేనల్లుణ్ణి ఇంట్లోంచి తరమలేక, వీధివైపు గదిలో మంచం వేయించి, నడవా తలుపు గడియ పెట్టుకున్నట్టన్నమాట. వాడు చెడిపోతాడని ముందే ఒప్పేసుకోవడం ఆ ఇంటి తెలివి. కాకపోతే ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచారనుకోండి, కొన్ని మోడళ్లలో మేనల్లుడు నిద్ర లేవడు. వాణ్ణి లేపడానికి ఏ మాడ్యూల్‌ను ఏ ఫైల్లో రాయాలో చదువుకునేసరికి బయట టీ బండివాడు స్టవ్వు ఆర్పేస్తాడు.

మన సర్కారువారూ తక్కువ తినలేదు. 2023లో రక్షణశాఖ కంప్యూటర్లలో విండోస్ తీసేసి మాయా అనే స్వదేశీ ఓఎస్ పెడుతున్నామని వార్తలొచ్చాయి. ఉబుంటూ మీద కట్టినదే, దానికి చక్రవ్యూహ్ అని కాపలా. పేర్లు మాత్రం దివ్యంగా కుదిరాయి. అంతకుముందు 2007లోనే సీడాక్ వారు బాస్ లినక్స్ ఇచ్చారు. మంచి పనులే. అయితే ఇలాంటి ప్రతి ప్రారంభోత్సవంలోనూ తెర మీద కొత్త వాల్‌పేపర్ చూసి చప్పట్లు కొడతాం గానీ, ల్యాప్‌టాప్ బోర్లా తిప్పి, "ఈ వైఫై కార్డు ఎవరి పిల్లరా?" అని అడిగే ఆచారం మన దగ్గర లేదు. చక్రవ్యూహంలోకి దారి తెలిసినవాడు గాలిలో ఉంటే, ద్వారం దగ్గర ఎంతమంది సైంధవులుంటే ఏం?

ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఇంకో జబ్బుంది. వాళ్లకు ఓపెన్‌బీఎస్‌డీ తెలియదు, కాలీ లినక్స్ తెలుసు, ఎందుకంటే సినిమాలో హ్యాకర్ తెర మీద డ్రాగన్ కనబడింది. వర్చువల్‌బాక్స్‌లో కాలీ ఎక్కించి, "వైఫై కనబడతలేదన్నా" అని సీనియర్ గది తలుపు కొడతారు. వర్చువల్ మెషీన్‌కు అసలు వైఫై కార్డే అందదు, లోపలికి వచ్చేసరికి అది లాన్ వైరు వేషం కట్టుకుంటుంది. అప్పుడు యూఎస్‌బీ డాంగిల్ కొనాలంటాడు సీనియర్. పేరున్న ఒక డాంగిల్ ఉంది, టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్. మొదటి వెర్షన్‌లో ఎథెరాస్ చిప్పు, దాని ఫర్మ్‌వేర్ సోర్సుతో సహా బయట పెట్టారు, అడిగినన్ని విద్యలు చేస్తుంది. రెండో వెర్షన్ నుంచి లోపల రియల్‌టెక్ చిప్పు. డబ్బా మీద మోడల్ నంబరు మాత్రం అదే. రివెట్టు లోహం మార్చి పాత నంబరుతో అమ్మమనండి చూద్దాం ఆదిభట్లలో! ఆ సప్లయరు గేటు బయటే ఉంటాడు జన్మంతా.

ఇదంతా చూసి చాదస్తుడికి ఒక పట్టుదల పుడుతుంది. ఈసారి కొనేటప్పుడే అడిగి కొంటానంటాడు. సెలవునాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకు పోతాడు. మెట్ల మీద మనుషులు, మనుషుల చేతుల్లో మదర్‌బోర్డులు, "రండి సార్, ఏం కావాలె సార్" అనే కేకలు. ఒక షాపులో ల్యాప్‌టాప్ బేరం కుదురుతుంది. ర్యామ్ ఎంతో చెబుతాడు, ఎస్‌ఎస్‌డీ ఎంతో చెబుతాడు, ఉచిత బ్యాగు ఏ రంగుదో కూడా చెబుతాడు షాపతను.

"అన్నా, దీంట్ల వైఫై చిప్పు ఎవలది?"

షాపతను డబ్బా తిప్పి చూస్తాడు. డబ్బా మీద వైఫై బొమ్మ ఉంది, పేరు లేదు. లోపలికి కేకేస్తాడు. లోపలివాడు భుజాలెగరేస్తాడు.

"మంచిగనే వస్తది సార్. కంపెనీ పీసు."

"ఎవలదో తెల్వాలె అన్నా. ఒక్కసారి కింద మూత తీసి చూపియ్యరాదు?"

షాపతను ల్యాప్‌టాప్‌ను తన వైపు లాక్కుని, మూల స్క్రూ మీద అంటించిన కాగితప్పొట్టు మీద వేలు పెడతాడు. "గీ స్టిక్కర్ చినిగిందనుకో, వారంటీ పోతది సార్. మళ్ల నన్ననొద్దు."

ఆ స్టిక్కర్ మీద మాత్రం సీరియల్ నంబరు ఉంది, బ్యాచ్ ఉంది, తారీఖు ఉంది, తనిఖీ చేసినవాడి పొట్టి సంతకమూ ఉంది.